పెద్ద పుస్తకం అంచులు

ఆ వానాకాలం చర్చిలోని పెద్ద పుస్తకం అంచులు కోసింది నేనే. మా అబ్బాయి కోశాడని సంఘంలో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. వాడూ కాదనడు. తల్లి మీదికి మాట రాకూడదని వాడి తాపత్రయం. నాకు డెబ్బై రెండేళ్లు, ఇంక మాట వస్తే ఎంత, రాకపోతే ఎంత. నేనే కోశాను.

మాది బైండింగ్ ఇల్లు. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. మా అబ్బాయి అట్టలు కోసి, పైన తోలో రెక్సినో అతికిస్తాడు. కోడలు ఫారాలు కుడుతుంది. పదహారు పేజీలు మడిస్తే ఒక ఫారం, ఫారాలన్నీ వెన్ను దగ్గర కలిపి కుడితే పుస్తకం. నేను జిగురు కాస్తాను, మడతలు పెడతాను, అందరి గురించీ బెంగ పడతాను. ఆ చివరిది ఎవరూ అప్పజెప్పిన పని కాదు.

బడి ముఖం చూడలేదు నేను. మడతలు పెడుతూ పెడుతూ అచ్చు చదవడం నాకై నేను నేర్చుకున్నాను. ఫారాలుగా చదివాను కనక చాలా కథలు నాకు మధ్యలోనే తెలుసు. ఒక ఫారం చివర ఒకతను రైలు కిటికీలోంచి భార్యకు చెయ్యి ఊపుతున్నాడు. తర్వాతి ఫారం అప్పటికే పక్క బల్ల మీదికి వెళ్లిపోయింది. ఆ మనిషి తిరిగొచ్చాడో లేదో నలభై ఏళ్లుగా నాకు తెలియదు. ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు.

అచ్చయితే చీమ తలకాయంత అక్షరమైనా చదువుతాను. చేత్తో గబగబా కలిపి రాసే గొలుసుకట్టు మాత్రం అప్పట్లో నా కంటికి గీతలే. అసలు తప్పు అక్కడే జరిగింది.

సంఘానికి నూరేళ్లు నిండుతున్నాయని వాక్యం చదివే పులిపీఠం మీది పెద్ద బైబిలు పుస్తకాన్ని మా ఇంటికి పంపారు. ఇద్దరు మోసుకొచ్చారు. వెన్ను విరిగి, దారాలు తెగి, ఫారాలు వేలాడుతున్నాయి. వెంట సంఘ పెద్ద వచ్చారు.

"కొత్తదానిలా కనపడాలి చెల్లెమ్మా. మెరూన్ రెక్సిను, మీద బంగారు అక్షరాలు. కింద చిన్నగా కమిటీ వాళ్ల పేర్లు" అన్నారు.

"చిన్నగా అంటే?" అంది కోడలు.

"అంటే కనపడేంత చిన్నగా" అన్నారాయన. తర్వాత అందరినీ నిలబెట్టి ప్రార్థన చేశారు. ఆయన్ని పిల్లలు ఆమేన్ తాత అంటారు. ఆ మాట దగ్గరికి ఎంతకీ రారు కనక. వచ్చేసరికి పొయ్యి మీద నా జిగురు మాడిపోయింది.

కోడలు ఆ పుస్తకాన్ని పది రోజులు కుట్టింది. చిరిగిన మడతలకి పల్చటి కాగితం వేసి, పాత రంధ్రాల్లోనే మైనం పట్టించిన కొత్త దారం ఎక్కించింది. పాత తోలే మళ్లీ వాడతానంది. కుట్టు పూర్తయిన రోజు తోలుకి పూసే నూనె తేవడానికి తను, అట్టల కోసం అబ్బాయి బయటికి వెళ్లారు. వాన పట్టింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. కుట్టిన పుస్తకం బల్ల మీద ఉంది. ముందు వైపు పేజీల అంచుల నిండా మరకలూ గీతలూ, నూరేళ్ల వేళ్ల మురికి. దేవుడి పుస్తకం ఇలా పోకూడదనిపించింది. ఎలాగో ఈడ్చి కటింగ్ మిషను కింద పెట్టి, చక్రం తిప్పి, పిడి లాగాను. వేలెడు వెడల్పున అంచు తెగి పడింది. లోపల కాగితం తెల్లగా మెరిసింది. ముక్కలన్నీ చేత్తో ఊడ్చి గోతంలో పోశాను. అందులో అప్పటికే బడి నోటుపుస్తకాల కత్తిరింపులు సగం ఉన్నాయి.

అంచులు కొయ్యకూడదని కోడలు నాతో చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆమెకి తోచి ఉండదు. ఆ గీతలు ఆమె చదవగలదు కదా.

వచ్చి, తలైనా తుడుచుకోకుండా పుస్తకం దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యా, అంచేది?"

"మురికంతా పోయింది చూడు. ఎంత తెల్లగా వచ్చిందో."

ఆమె పేజీ తెరిచి వేలు పెట్టింది. అక్కడ సగం అక్షరం ఉంది. మిగతా సగం లేదు.

"ఇది మురికి కాదత్తయ్యా. రాత. నూరేళ్లుగా ఇక్కడ వాక్యం చదివిన వాళ్లు పక్కన రాసుకున్నారు."

మా ఆయన ఇరవై రెండేళ్లు ఆ పులిపీఠం మీద వాక్యం చదివాడు. ఆడవాళ్లం అటువైపు ఎక్కే అలవాటు లేదు కనక ఆ పుస్తకం మా ఇంటికి వచ్చేదాకా దాని లోపల ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. ఒక పొద్దున దారం కొనుక్కొస్తానని గడప దాటి, రోడ్డు మీదే కూలిపోయిన మనిషి. ఆయన చేతిరాత కూడా ఆ గోతంలో ఉందన్నమాట.

కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. గోతం తెచ్చి వెనక గదిలో మంచం మీద బోర్లించింది. చిత్తుకాగితాలు పట్టుకెళ్లేవాడు ఆ పూటే రావాలి, వాన వల్ల రాలేదు. దేవుడు ఎప్పుడైనా నాకు తిన్నగా సాయం చేశాడంటే ఆ వానే.

ఆరు వారాలు పట్టింది. కోడలు ముందు నోటుపుస్తకాల ముక్కలు వేరు చేసింది. తర్వాత సిరా రంగును బట్టి, పెన్సిలును బట్టి విడదీసింది. ఒక్కో ముక్కను పేజీ పక్కన పెట్టి, తెగిన అక్షరం రెండు సగాలూ కలిసేదాకా పైకీ కిందికీ జరిపేది. కలిస్తే అంబలిలా పల్చగా చేసిన జిగురుతో, ఊదితే ఎగిరిపోయే కాగితం వెనక వేసి అతికించేది. ఆ చెమ్మలో ఏదీ ఆరేది కాదు. నేను ఇస్త్రీ పెట్టె వెచ్చచేసి గుడ్డ మీద నుంచి అద్దేదాన్ని. అతికిస్తూ నాకు చదివి వినిపించేది.

"గాలివాన. పదకొండు మంది వచ్చారు."

"మేస్త్రీ తల్లి పోయింది. ఈ అధ్యాయమే చదివాను. ఎవరూ ఏడవలేదు, తర్వాత అందరూ ఏడ్చారు."

"కళ్లజోడు మర్చిపోయాను. కంఠతా వచ్చినట్టు నటించాను."

దానికి ఇద్దరం చాలాసేపు నవ్వాం. అబ్బాయి తలుపు దగ్గరికి వచ్చి, "దేవుడి పుస్తకం దగ్గర ఆ ఇకఇకలేంటి?" అన్నాడు. వినిపిస్తే వాడూ నవ్వాడు.

నా కోడలు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. సంఘంలో పాటప్పుడు కూడా పెదవులే కదులుతాయి. ఆ పని చేసేటప్పుడు మాత్రం ఆమె ముఖం వేరుగా ఉండేది. చాలా ఆకలితో ఉండి మెల్లగా తినేవాళ్ల ముఖంలా ఉండేది.

మూడో వారంలో రికార్డుల ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చారు. సంఘం మొదలైనప్పటి కాగితాలు వెతకమని సంఘ పెద్దే ఉత్తరం రాసి పిలిపించారట. ఆయనే మా ఇంటికి తీసుకొచ్చారు. ఆవిడ కళ్లజోడు పైకి తోసి, అతికించిన అంచు మీద గోరు మెల్లగా జరిపి చూశారు. గోరు అతుకు దగ్గర ఎక్కడా తట్టుకోలేదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ఇక్కడేనండి. పాడయింది కాబట్టి నేర్చుకోవాల్సొచ్చింది" అంది కోడలు. ఎవరు పాడు చేశారో చెప్పలేదు.

"మా సంఘం ఆడబిడ్డ" అన్నారు సంఘ పెద్ద ఛాతీ విరిచి.

పది రోజులకి ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద పట్నంలో రికార్డుల ఆఫీసులోనే ఏడాది శిక్షణ, పాత కాగితాలు బాగుచేసే పని. ఉండటానికి చోటు వాళ్లే చూస్తారు. వారంలోగా ఒప్పుకుంటూ జవాబు రాయాలి. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం.

కోడలు ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, "నాకు వెళ్లాలని ఉంది" అంది. మా ఇంట్లో ఎవరూ అడక్కుండా ఆమె తన కోరిక చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

అబ్బాయి చేతిలో అట్ట పక్కన పెట్టాడు. "కుట్టుపని ఎవరు చేస్తారు?" అన్నాడు. కాసేపాగి, "నేనెలా ఉండాలి?" అన్నాడు. మొదటి మాట పైకి చెప్పడానికి, రెండోది అసలుది.

ఇక నా సంగతి. నేను ఎవరినీ ఇంట్లోంచి నవ్వుతూ పంపలేను. మా అక్క బస్సెక్కి వెళ్లి మళ్లీ కనపడలేదు. మా ఆయన సంగతి చెప్పాను. అప్పటినుంచి నాకో రోగం. ఎవరైనా బయలుదేరితే వాళ్ల చెప్పుల్లో ఒకటి దాచేస్తాను. వెతుక్కుంటూ ఇంకో పది నిమిషాలు ఇంట్లో ఉంటారు కదా అని. మా ఇంట్లో అందరికీ అలవాటే. తిట్టకుండా వెళ్లి జిగురు బాల్చీ వెనకా, రెక్సిన్ చుట్టల కిందా చూసుకుంటారు.

కోడలు జవాబు పోస్టులో వెయ్యడానికి బయలుదేరిన రోజు నేను మామూలు చోట్ల దాచలేదు. ఎడమ చెప్పు తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను.

ఆమె వెతికింది. తర్వాత నా ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, నాకూ ఒక బెంగ ఉంది. పని కోసం పోవాలనుందో, నలుగురూ మెచ్చుకోవాలనుందో నాకే తెలియడం లేదు. మోకరిస్తే ఒక రోజు ఇదనిపిస్తుంది, ఒక రోజు అదనిపిస్తుంది. ఆశపడటం తప్పా?"

మనసు విప్పి అడిగింది. నేనేమో ఆదివారం ఆదివారం వినే మాటే తీసి చేతిలో పెట్టాను. "అందుకే అమ్మా, నెమ్మదిగా ఉండు. ఉన్నచోట ఉంటే ఏ బెంగా లేదు."

ఆమె నా వంక చూసింది. లేచి, మొగుడి చెప్పులు తొడుక్కుని, పడవల్లో నిలబడి నడుస్తున్నట్టు టపటపలాడించుకుంటూ వానలో పోస్టాఫీసుకి వెళ్లిపోయింది. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినపడింది. కోపమొచ్చింది నాకు. దాని కిందే నవ్వూ వచ్చింది, కానీ దాన్ని రానివ్వలేదు.

తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. పుస్తకం పని మాత్రం ఆగలేదు. ఎక్కడివో తేలని ముక్కలు పదకొండు మిగిలాయి. ఒక మధ్యాహ్నం కోడలు వాటిలో ఒకటి పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. కొట్టు పాత ఆర్డర్ల పుస్తకం తీసి పక్కన పెట్టి పోల్చింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఇది మామయ్యగారి రాత."

నేను చేతులు తుడుచుకున్నాను. తడేమీ లేదు, అయినా తుడుచుకున్నాను.

"ఏముంది?"

"గొంతు బాగాలేదు. ఈ పూట ఆమె చదివి ఉంటే బాగుండేది. నాకంటే బాగా చదువుతుంది."

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది.

నేను అచ్చు నేర్చుకున్న కొత్తలో, సాయంత్రాలు ఆయన జిగురు పూస్తుంటే నేను పైకి చదివేదాన్ని. ఒక్కసారైనా ఆ పులిపీఠం మీద నిలబడి చదవాలని నాకు ఎంత ఉండేదో దేవుడికి తెలుసు. ఆయనకి చెప్పలేదు. ఆయనకీ అదే ఉందని ఆయన నాకు చెప్పలేదు. ఇద్దరం నెమ్మదస్తులం మరి. పుస్తకానికి చెప్పుకున్నాడు. దాన్ని కూడా నేను కోసి గోతంలో పోశాను.

"ఏ పేజీదో దొరికిందా?" అన్నాను.

"దొరికింది."

"అతికించు. గట్టిగా అతికించు."

ఆ వారంలోనే సంఘ పెద్ద వచ్చారు. రాగానే కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. అలా పెట్టుకుంటే పెద్ద ప్రసంగమే. అబ్బాయి అట్ట కోస్తున్నాడు. కోడలు కుట్టుబల్ల ముందు పీట మీద ఉంది, ఎవరివో లెక్కల పుస్తకాలు కుడుతోంది. ఆరో ఫారం సూది మీద ఉంది.

"విన్నాను చెల్లెమ్మా. మంచి అవకాశమే, కాదనను. కానీ విశ్వాసులకి నెమ్మదిగా బతకడమే అందం. ఆశలు పెరిగితే ప్రార్థన తరుగుతుంది. పిల్లాజెల్లా లేకపోయినా ఇల్లు ఇల్లే కదా. ఉన్న ఒక్క ఆడదీ రైలెక్కి పోతే దీపం పెట్టేవాళ్లెవరు?"

"ఆడవాళ్లం ఇద్దరం ఉన్నామండి" అన్నాను.

"నీ సంగతి వేరు. నీ నెమ్మది చూసే ఈ అమ్మాయి నేర్చుకోవాలి. ఇరవై ఏళ్లుగా సంఘంలో నీ పేరే చెబుతాను. అమ్మాయ్, ఉన్నచోట ఉంటే ఏ బెంగా లేదు."

అచ్చంగా అదే మాట. నా నోట్లోంచి వెళ్లి, ఆయన నోట్లోంచి తిరిగొచ్చింది. కోడలు తల వంచుకుంది. సూది ఆగింది.

నేను లేచి ఆమె దగ్గరికి వెళ్లి, "లే అమ్మాయ్" అన్నాను.

"ఎందుకత్తయ్యా?"

"లే. నువ్వు సామాను సర్దుకోవాలి. సోమవారమే నీ రైలు, ఎంత దూరంలో ఉందని."

ఆమె లేచింది. నేను ఆ పీట మీద కూర్చున్నాను. మోకాళ్లు పటపటమన్నాయి. సూది చేతిలోకి తీసుకున్నాను.

"చెప్పండి అయ్యగారూ. నా చెవులు మీవైపే ఉన్నాయి."

ఆయన ఎక్కడ ఆపారో మర్చిపోయారు. "అదే, నెమ్మది..." అన్నారు.

"ఆ మాట ఉన్న పేజీ నేను మొన్నే ఇస్త్రీ చేశాను. నెమ్మది పక్కనే, మీ చేతులతో మీరు పని చేసుకోండని కూడా ఉంది. మీరు ఎప్పుడూ మొదటి మాట దగ్గరే విడిది చేస్తారు, అక్కడిదాకా రారు."

అబ్బాయి కత్తి ఆపాడు. "అమ్మా" అన్నాడు మెల్లగా.

"నువ్వుండు. ఇరవై ఏళ్లుగా నా నెమ్మదిని మెచ్చుకుంటున్నారు కదండీ. అది నెమ్మది కాదు, భయం. ఎవరు గడప దాటినా తిరిగి రారని భయం. మీరు దానికి భక్తని పేరు పెట్టారు. వినడానికి బాగుందని నేనూ ఊరుకున్నాను. నెమ్మది నాకు కాదు, ఈ పిల్లకి ఉంది. నేను పాడు చేసిన పుస్తకాన్ని, నన్ను ఒక్క మాట అనకుండా ఆరు వారాలు కూర్చుని అతికించింది. అంచు కోసింది మా అబ్బాయి కాదు, నేను. అదీ రాసుకోండి. ఆ పిల్ల నెమ్మది రైలెక్కితే రాలిపోయేది కాదు."

ఆయన అబ్బాయి వైపు చూశారు. ఇంట్లో మగవాడు ఏమంటాడోనని కాబోలు. వాడు లేచి, అలమర్లోంచి మైనం ముద్ద తెచ్చి నా పక్కన పెట్టాడు.

"నీ చేతులు వణుకుతాయమ్మా."

"వణికితే కుట్టు కాస్త వంకరగా వస్తుంది. పుస్తకం ఊడిపోదు."

"రంధ్రాలు నేను పొడిచిస్తాను. నువ్వు దారం లాగు చాలు" అన్నాడు. ఆ మాటతో ఏడాది సంగతి తేలిపోయింది.

సంఘ పెద్ద ప్రార్థన చేసి వెళ్లారు. అది మాత్రం చిన్న ప్రార్థన. వెళుతూ, "మరి రెక్సిను?" అన్నారు.

"పాత తోలేనండి. పేర్లు లోపల చాలా ఉన్నాయి" అంది కోడలు.

ఆశపడటం తప్పా అని ఆమె అడిగిన దానికి, సామాను సర్దుతుంటే అప్పుడు జవాబు చెప్పాను. అప్పటిదాకా నా దగ్గర లేదు. "మెప్పు కోరుకున్నా కోరుకున్నావులే. జిగురులో నీళ్లుండవా? నీళ్లున్నాయని జిగురు పారబోస్తామా? అతుకుతుందా లేదా అన్నదే చూసుకో. అక్కడా మోకరించు. తేడా వస్తే నీకే తెలుస్తుంది."

ఆమె నవ్వింది. "ఉత్తరాలు అచ్చక్షరాల్లా విడివిడిగా రాస్తానత్తయ్యా."

"వద్దు. గొలుసుకట్టులోనే రాయి. నేర్చుకుంటాను. తంటాలు నావి."

నూరేళ్ల ఆరాధనలో ఒక అధ్యాయం నేను చదువుతానని అప్పటికే పాస్టరు గారికి కబురు పెట్టాను. జవాబు రాలేదు. రాకపోతే నేనే వెళ్లి అడుగుదామని తేదీ కూడా అనుకున్నాను.

సోమవారం పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. అబ్బాయి పెట్టె పట్టుకుని వీధిలో నిలబడ్డాడు. కోడలు అలవాటుగా జిగురు బాల్చీ వెనక చూసింది. రెక్సిన్ చుట్టలు ఎత్తి చూసింది. బియ్యం డబ్బా మూత కూడా తీసింది.

"అత్తయ్యా, రైలు టైమవుతోంది. రెండో చెప్పెక్కడ?"

"గడప దగ్గర చూశావా?"

రెండూ అక్కడే ఉన్నాయి. పక్కపక్కన, వీధి వైపు తిప్పి, బురద తుడిచి పెట్టాను. ఆమె వాటి వంక చాలాసేపు చూసింది. వేసుకోవడానికి మామూలుగా పట్టేదానికంటే ఎక్కువసేపే పట్టింది.

"వెళ్లొస్తానత్తయ్యా."

"వెళ్లిరా" అన్నాను. ఆ మాట నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు. గొంతు బాగానే పలికింది.

ఆమె చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా నిలబడి, లోపలికి వచ్చాను. కుట్టుబల్ల మీద ఏడో ఫారం ఎదురు చూస్తోంది. పీట మీద కూర్చుని, దారానికి మైనం పట్టించి, సూది వెలుతురుకేసి ఎత్తాను. మొదటిసారి తప్పింది. రెండోసారీ, మూడోసారీ తప్పింది.

నాలుగోసారి ఎక్కింది.